పున్నాగ దగ్గుల లెక్క

2,179వ రోజు

ఇవాళ్టి నుంచి ఈ పుస్తకంలో రోజూ రాయాలి. ఇంతవరకు నెలకు ఒక పుట రాశాను. పిల్ల అప్పగింతకు ముందు పన్నెండు రోజులు మాత్రం ఏ రోజు లెక్క ఆ రోజు ఉండాలని నియమం. రాయడానికి వేరే ఏమీ లేని రోజు అంకెల గడులు నింపి వదిలేస్తాను. అప్పగింత అయిన మర్నాడు పుస్తకం రెండో ఇంటికి చేరుతుంది. చదివే ఆవిడను నేను చూడలేదు. పేరు నూకరత్నం అని, ఊరు కొండకు అవతలి వైపు అని మాత్రం చెప్పారు. ఆమెకు పనికొచ్చేవే రాస్తాను.

పున్నాగ ఆరున్నరకు లేచింది. రాత్రి బూడిద పలచగా పడింది. వాకిలి ఒకసారి ఊడిస్తే సరిపోయింది. మంచు పట్టే వలల నుంచి పదకొండు చెంబుల నీళ్ళు దిగాయి. అందులో పిల్ల స్నానానికి ఒకటిన్నర. ఆ అర చెంబు చివర్లో నెత్తి మీంచి పోయాలి, లేకపోతే స్నానం అయినట్టు ఒప్పుకోదు. ఉదయం జొన్న సంకటి తింది. మధ్యాహ్నం వేడిగుంటలో పూడ్చిన చిలగడదుంప. పొట్టు మనం తీసి ఇస్తే తినదు, తానే తీసుకోవాలి. వేళ్ళు కాలతాయి, కాలాయని చెప్పదు. అందుకని దుంపను ఒక పావుగంట ముందే బయటికి తీసి ఉంచుతాను.

పిల్ల ముసుగులో బూడిద ఆపే జల్లెడ రెండుసార్లు కడిగాను. కూర్చున్నప్పుడు ఊపిరి నిమిషానికి ఇరవై రెండు. దగ్గులు లేవు.

2,180వ రోజు

నీళ్ళు తొమ్మిది చెంబులు. బూడిద మూడుసార్లు ఊడ్చాను. పిల్ల కూడా చిన్న చీపురుతో ఊడ్చింది, అంటే ఊడ్చిన చోటికి మళ్ళీ బూడిద తెచ్చింది.

మా ఆయన గవర్రాజు ఆవిరి గొట్టాల పని నుంచి వస్తూ దాని కోసం బూట్లు తెచ్చాడు. అప్పగింత కొండ కొన మీద, గుండం దగ్గర. అక్కడి దాకా నడవాలంటే పాతవి చాలవు. కొత్తవి రెండు వేళ్ళు పెద్దవి.

"ఇంత పెద్దవా నాన్నా?" అంది.

"పాదం పెరుగుద్ది కదే."

"ఎప్పటికి పెరుగుద్ది?"

అతను బూట్లు వెనక్కి తీసుకున్నాడు. ముందు భాగంలో గుడ్డ కుక్కి ఇచ్చాడు. ఆ గుడ్డ ఏడెనిమిది నెలల తర్వాత తీసేయాలి, నూకరత్నం గారు గుర్తుంచుకోవాలి.

దగ్గులు లేవు.

2,182వ రోజు

దగ్గులు రెండు. ఒకటి ఉదయం ఏడింటికి, ఒకటి సాయంత్రం ఆరింటికి. దగ్గిన వెంటనే గీత పెట్టడం నా అలవాటు, తర్వాత రాద్దామంటే నమ్మకం ఉండదు. మా వీధి నీళ్ళ చిట్టా పదహారేళ్ళుగా నేనే రాస్తున్నాను. ఏ వల కింద ఎన్ని చెంబులు దిగాయో, ఎవరి ఇంటికి ఎన్ని వెళ్ళాయో ఈనాటికీ తగాదా రాలేదు.

గీత పెడుతుంటే గవర్రాజు వంగి చూశాడు.

"రెండా?"

"రెండే."

"ఏడు దాటాలి కదా. మూడ్రోజులు."

"ఏం మాటలవి?"

"నేనేవన్నానే. లెక్క అడిగాను."

అతను అన్నది నియమమే. రోజుకు ఏడుకు మించి, వరుసగా మూడు రోజులు పిల్ల దగ్గితే అప్పగింత ఆగిపోతుంది. అవతలి వైపు గాలి బరువు, దగ్గే పిల్లకు పడదు. అలాంటి పిల్ల ఇంకో ఏడాది మొదటి ఇంట్లోనే ఉంటుంది. కిందటేడు పై వీధి పిల్ల గంగ అలాగే గుండం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆ రోజు వాళ్ళమ్మ వీధంతా నువ్వుల ఉండలు పంచింది. నేను కూడా తీసుకున్నాను. తిన్నానో లేదో గుర్తు లేదు.

2,183వ రోజు

దగ్గులు మూడు. గొంతు చూశాను, ఎరుపు లేదు. నాలుక బాగుంది. జ్వరం లేదు. జల్లెడ మార్చాను, కొత్తది వేశాను. పడక కిటికీకి దూరంగా జరిపాను.

నీళ్ళు పది చెంబులు.

ఇవాళ చెంబులు ఎత్తుకుంటూ పున్నాగ అడిగింది. "అక్కడ నీళ్ళు ఎవరు లెక్కపెడతారమ్మా?"

"అక్కడా ఎవరో ఉంటారు."

"నువ్వైతే తప్పు రాదు."

అది పొగడ్త అనుకుని రాయడం లేదు. పిల్లకు అంకెలు నేర్పింది చెంబులతోనే. పదకొండు దాకా తడబడదు. పన్నెండు దగ్గర ఒక్కోసారి ఆగుతుంది, ఎందుకంటే మా వల నుంచి పన్నెండు దిగిన రోజులు తక్కువ. అవతల నీళ్ళు ఎక్కువ దిగుతాయట. అక్కడ ఇంకా పైకి నేర్చుకుంటుంది.

2,185వ రోజు

దగ్గులు అయిదు.

తొట్టి ఇంటి నుంచి వైద్యురాలిని పిలిపించాను. ఆరేళ్ళ కిందట పున్నాగను గాజుతొట్టె నుంచి తీసి, గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టింది ఆవిడే. అప్పటికి పిల్లకు పదకొండు రోజులు, నాకు నలభై నిండడానికి ఇరవై రోజులు. నలభై దాటితే మొదటి ఇల్లు కాలేరు. నా తర్వాత వరసలో ఉన్నామె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, నేను రాకపోతే తనకిస్తారేమోనని. ఆ సంవత్సరం కొండకు ఇరువైపులా కలిపి తొట్టెల్లో బతికి నిలిచినవాళ్ళు నలుగురే. అందుకే ఒక్కో పిల్లకు రెండిళ్ళు, ఆరేళ్ళ దాకా మొదటిది, ఆ తర్వాత రెండోది.

వైద్యురాలు వీపు మీద చెవి పెట్టి చాలాసేపు విన్నది.

"ఏం లేదు మాణిక్యం. శుభ్రంగా ఉంది."

"మరి అయిదు?"

"చలిగాలేమో. నువ్వు మరీ లెక్కపెడతావు."

"లెక్కపెట్టకపోతే ఎట్లా తెలుస్తుంది?"

ఆవిడ నవ్వింది. ఉప్పు ఆవిరి పట్టమని చెప్పి వెళ్ళింది. పట్టాను. పిల్లకు ఆవిరి అంటే సరదా, దుప్పటి కింద పాటలు పాడుతుంది. ఆవిరి పడుతున్నంతసేపూ దగ్గలేదు.

2,187వ రోజు

రేపు బయలుదేరాలి. నువ్వుల ఉండలు ఇరవై నాలుగు చేశాను. కొంచెం మెత్తగా చేశాను, పిల్లకు కింది పన్ను ఒకటి కదులుతోంది. అది ఊడేటప్పుడు రక్తం చూసి భయపడుతుంది. ముందే చెప్పి ఉంచితే మంచిది. ఊడేది మీ ఇంట్లోనే.

మీకు తెలియవలసినవి ఇంకొన్ని. చీకటి అంటే భయం లేదు, గుడ్డ చిరిగే చప్పుడంటే భయం. అబద్ధం ఆడితే కుడి చెవి పట్టుకుంటుంది. కోపం వస్తే మంచం కింద దూరుతుంది, పిలవకూడదు, పావుగంటలో తనే వస్తుంది. జ్వరం వస్తే సంకటి మానేస్తుంది, గంజిలో ఉల్లికాడలు తుంచి వేస్తే తాగుతుంది. "పున్నీ" అంటే పలుకుతుంది, "పున్నాగా" అని పూర్తిగా పిలిస్తే తిట్టబోతున్నారనుకుంటుంది.

దగ్గులు ఆరు. గీత పెట్టేసరికి పక్కకొచ్చి చూసింది. "రాశావా అమ్మా?" అని అడిగింది. రాశానన్నాను.

2,188వ రోజు

ఆవిరి బండిలో మొదటి మజిలీకి చేరాం. ఇనుప పళ్ళ పట్టాల మీద బండి కొండను కరిచి పట్టుకుని ఎక్కుతుంది, మనిషి నడకంత వేగం. పున్నాగ కిటికీ దగ్గర కూర్చుని కింద మా ఊరి వలలన్నీ చూసింది. మా వల ఏదో గుర్తుపట్టింది. నేను గుర్తుపట్టలేకపోయాను.

బండిలో ఒక పెద్దాయన పలకరించాడు. "ఎక్కడికే అమ్మలూ, గుండానికా?"

"ఆయ్."

"ఏం చూత్తావు అక్కడ?"

"నిప్పు. తర్వాత ఇంటికి వచ్చేత్తాం."

పెద్దాయన నా వంక చూసి మాట మార్చాడు. అప్పగింత సంగతి పిల్లకు తెలుసు. వారం కిందటే కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని, "సరే" అని, దుంప అడిగింది. సరే అన్న పిల్ల ఇంటికి వచ్చేత్తాం అని ఎందుకన్నదో తెలియలేదు.

నీళ్ళు మనిషికి మూడు చెంబులు ఇచ్చారు. దగ్గులు ఎనిమిది.

ఎనిమిది అని రాసి చాలాసేపు ఆ అంకెనే చూశాను. గవర్రాజు కూడా చూశాడు.  రాత్రి అన్నాల దగ్గర అతను తన నువ్వుల ఉండ కూడా పిల్లకే ఇచ్చాడు.

2,189వ రోజు

నడక. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. దారిలో బూడిద చీలమండ లోతు. పిల్ల ముప్పాతిక వంతు నడిచింది, మిగతాది గవర్రాజు భుజాల మీద. భుజాల మీద ఉన్నప్పుడు దారి చెప్పే పని తనది అనుకుంటుంది. ఎడమ అంటే కుడి చూపిస్తుంది. గవర్రాజు చూపించిన వైపే రెండడుగులు వేసి వెనక్కి తిరిగేవాడు. నవ్వుకున్నారు.

రెండో మజిలీలో పొయ్యి లేదు, నేలే వేడి. గిన్నె నేల మీద పెడితే గంజి ఉడుకుతుంది. పిల్ల దానికి చాలా ఆశ్చర్యపోయి గిన్నె చుట్టూ తిరిగింది.

దగ్గులు పది. నిద్రలో ఒక్కటీ లేదు.

2,190వ రోజు

పై మజిలీకి చేరాం. తాడు పట్టుకుని ఎక్కే దారి. చలి ఎక్కువ. నీళ్ళు రెండు చెంబులు.

దగ్గులు పన్నెండు.

2,191వ రోజు

నిన్నటి పుట పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను. అప్పగింత అయిపోయింది. నేను పై మజిలీలో కూర్చుని ఉన్నాను. పుస్తకం తీసుకోవడానికి మజిలీ అధికారి కోటిలింగం గారు సాయంత్రం వస్తారు, రేపు నీళ్ళు మోసేవాళ్ళతో అవతలికి పంపుతారు. అందాకా నాకు రెండు గంటలు ఉన్నాయి.

నిన్న తాడు దారిలో రెండు చేతులూ తాడు మీదే ఉండాలి. పుస్తకం, పెన్సిలు గవర్రాజు సంచిలో అడుగున పెట్టాను. దగ్గులు గుర్తుంచుకుని పైకి చేరాక రాద్దామనుకున్నాను. నాలుగు గంటలు ఎక్కాం. బూడిద, చలిగాలి, అలసట, అన్నీ ఆ నాలుగు గంటల్లోనే. ఒక్క దగ్గు లేదు. మజిలీకి వచ్చాం. వెచ్చటి గది. గోడకు ఆనుకుని కూర్చుని సంచి విప్పి పుస్తకం తీశాను. అరగంటలో తొమ్మిది.

గీతలు చూసుకున్నాను. ఎవరికైనా నీళ్ళ లెక్క తేడా వస్తే నేను మొదట వేళలు చూస్తాను, ఏ పూట ఎంత పోయిందని. ఇక్కడ అదే చేశాను. ఈ తొమ్మిది రోజుల దగ్గులన్నీ ఉదయం ఏడు, సాయంత్రం ఆరు చుట్టూ ఉన్నాయి. నేను పుస్తకం తీసే వేళలు. నిద్రలో లేవు. ఆవిరి పట్టేటప్పుడు లేవు. పుస్తకం మూశాను. పిల్ల గులకరాళ్ళతో ఆడుకుంది. తెరిచాను. దగ్గింది.

"పున్నీ, ఇట్రా. గొంతు నొప్పిగా ఉందా?"

"లేదు."

"మరి దగ్గు ఎందుకొస్తోంది?"

"రావట్లేదమ్మా. నేనే దగ్గుతున్నా."

చీపురు పట్టుకుని నేనే ఊడుస్తున్నా అని చెప్పినట్టు చెప్పింది. చెవి పట్టుకోలేదు.

"ఎవరు చెప్పారు దగ్గమని?"

"గంగ. ఏడు దాటితే ఇంటికి పంపేత్తారంట. తప్పిపోద్దేమోనని నేను ఇంకొన్ని ఎక్కువ దగ్గుతున్నా. నువ్వు అన్నీ రాశావు కదా?"

"రాశాను."

"ఒక్కటీ వదల్లేదు కదా?"

"లేదు."

"గొంతు ఎండిపోతోందమ్మా."

అర చెంబు నీళ్ళిచ్చాను. నా వంతులోంచి ఇచ్చాను. తొమ్మిది రోజులుగా ఆ పిల్ల పని చేస్తోంది. నేను దాని ఎదురుగా కూర్చుని, దగ్గినప్పుడల్లా గీత పెట్టి, పని సరిగ్గా జరుగుతోందని చూపిస్తున్నాను. చాటుగా రాసి ఉంటే రెండో రోజుకే మానేసేది. పదహారేళ్ళ చిట్టాలో నేను చేయని తప్పు ఇది.

గవర్రాజు అంతా విన్నాడు. పిల్లను గులకరాళ్ళ దగ్గరికి పంపి నా పక్కన కూర్చున్నాడు.

"విననట్టే ఉండు," అన్నాడు.

"విన్నాను కదండీ."

"నువ్వు అబద్ధం రాశావా? అది దగ్గింది, నువ్వు గీత పెట్టావు. ఎందుకు దగ్గిందీ అని రాయడానికి ఆ పుస్తకంలో గడి ఉందా?"

చూశాను. లేదు.

"లేదు కదా," అన్నాడు. "మరింకేంటి. మన పిల్ల మనతో వచ్చేత్తాదే మాణిక్యం."

అతను ఏడుస్తున్నాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో రెండోసారి. నేను పన్నెండు అని రాసి పుస్తకం మూశాను. నాకు సంతోషంగా ఉంది. ఇది మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను నూకరత్నం గారూ. చాలా సంతోషంగా ఉంది. వెనక్కి వెళ్ళేటప్పుడు మిగిలిన నువ్వుల ఉండలు ఎన్ని రోజులు వస్తాయో లెక్క వేసుకున్నాను.

ఇవాళ ఉదయం ఎనిమిదికి గుండం అంచుకు వెళ్ళాం. పిల్ల మొదటిసారి గుండం చూసేది మొదటి ఇంటివాళ్ళతోనే అని ఆచారం. నేను కూడా చూడటం మొదటిసారే. అడుగున పొగ, పొగ మధ్య ఎర్రటి గీత ఒకటి, మసిబారిన కుండకు బీట పడ్డట్టు. ఎదురు అంచు మంచులో ఉంది. నేల లోపల ఎవరో పెద్ద తిరగలి తిప్పుతున్నట్టు ఆగకుండా చప్పుడు.

పున్నాగ నా చెయ్యి పట్టుకుని వంగి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"మన వేడిగుంట లాగే ఉంది. పెద్దది, అంతే."

గవర్రాజు పెద్దగా నవ్వాడు. పిల్ల ఒక రాయి విసిరింది. చప్పుడు వినాలని ముగ్గురం నిలబడ్డాం. రాలేదు. "ఇంకా పడతా ఉంది నాన్నా," అంది. అంత తేలికగా ఉన్న పొద్దు నాకు ఈ మధ్య లేదు. ఇంకాసేపట్లో కోటిలింగం గారు పుస్తకం చదువుతారు, మేం దిగిపోతాం. అదే నా మనసులో ఉంది.

రెండు వైపుల దారులూ కలిసే మధ్య బండ దగ్గరికి మేం వెళ్ళేసరికి మీరు అప్పటికే వచ్చి ఉన్నారు. మీ ఆయన మీ వెనకాల మూట పట్టుకుని నిలబడ్డాడు. మీ బూట్లకు బూడిద మోకాళ్ళ దాకా ఉంది. మీ దారి మాకంటే ఎక్కువ అని అప్పుడు తెలిసింది. మీరు పిల్లను చూసి దగ్గరికి రాలేదు. నమస్కారం పెట్టి అక్కడే ఉండిపోయారు. రావాలని ఉండి రాకపోవడం నాకు తెలుసు, తొట్టి ఇంటి గుమ్మం దగ్గర ఆ రోజు నిలబడిన మనిషి ముఖం నేను మర్చిపోలేదు.

కోటిలింగం గారు పిల్ల వీపు మీద చెవి పెట్టి విన్నారు. "ఛాతీ బాగానే ఉందండి," అన్నారు. తర్వాత పుస్తకం విప్పి చివరి మూడు పుటలు పైకి చదివారు. ఎనిమిది. పది. పన్నెండు.

"ఇది మాణిక్యమ్మ గారి పుస్తకం," అన్నారు ఆయన మీతో. "వీరి లెక్కలో తేడా ఉండదమ్మా. నా చెవికన్నా ఇదే నమ్మాలి."

మీ వయసు ఎంతని ఆయన అడిగారు. నలభై నాలుగు అన్నారు మీరు. అయిదు నెలల్లో నలభై అయిదు. ఆయన తలవంచుకుని ఏదో రాసుకున్నారు. నలభై అయిదు దాటితే రెండో ఇంటి వంతు కూడా ఉండదని నలుగురికీ తెలుసు. 

మీరు గొడవ పెడతారనుకున్నాను. మళ్ళీ వినమని అడుగుతారనుకున్నాను. గంగను తీసుకెళ్ళడానికి వచ్చినామె బండ మీద పడి ఏడ్చిందని విన్నాను. అలా చేసి ఉంటే నేను గట్టిగా నిలబడేదాన్ని, నాకు తెలుసు. మీరు నా దగ్గరికి వచ్చారు.

"పన్నెండంటే ఎక్కువే అక్కా," అన్నారు. "నిద్ర పడుతుందా పిల్లకి?"

"పడుతుంది."

"పోన్లే. అదే కావాలి." మీ ఆయన చేతిలోంచి మూట తీసుకుని విప్పారు. "కందిపొడి ఉంది. కారం లేకండా చేశాను. దిగేటప్పుడు దగ్గుకి మంచిది, వేడన్నంలో కలిపి పెట్టు. ఇదిగో, ఈ గిన్నె తిరిగి పంపక్కర్లేదు."

గిన్నె నా చేతిలో పెట్టారు. కొత్త గిన్నె. చిన్నది, పిల్లల గిన్నె. అంచు మీద గోరుతో పువ్వు గీసి ఉంది.

ఆ పువ్వు గీత మీద బొటనవేలు తిప్పాను. గవర్రాజు పిల్లను అప్పటికే ఎత్తుకున్నాడు.

"లెక్క తప్పండీ," అన్నాను.

కోటిలింగం గారికి వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

"ఏ లెక్కమ్మా?"

"దగ్గుల లెక్క. అవి దగ్గులు కావు. పిల్ల కావాలని చేసింది. నాకు నిన్ననే తెలుసు."

గవర్రాజు "మాణిక్యం" అన్నాడు. అంతే అన్నాడు.

కోటిలింగం గారు పెన్సిలు నా చేతికి ఇచ్చారు. రాసినవాళ్ళే కొట్టేయాలి. మూడు పుటల్లోనూ అంకెలు కొట్టేసి పక్కన సున్నా పెట్టి సంతకం చేశాను. మీరు ఆ కొట్టివేతలు చూస్తారు. గిన్నె కింద పెట్టకుండానే కొట్టేశాను, అందుకే గీతలు వంకరగా ఉన్నాయి.

నేను చేసింది మంచి పని అని రాయడం లేదు. అంత నమ్మకం లేదు నాకు. ఆ గిన్నె ఇంకొంచెం పాతదైతే ఏం చేసేదాన్నో తెలియదు.

నువ్వుల ఉండ సగం నా చేత్తో పెట్టాను. పిల్ల తినలేదు, నోట్లో పెట్టుకుని ఉంచుకుంది. మిగతా సగం మీరు పెట్టాలి. మధ్య బండ మీద పదకొండు అడుగులు పిల్ల ఒక్కతే నడవాలి. కిందకు దింపగానే నా కొంగు పట్టుకుంది.

"నేను దగ్గాను కదమ్మా," అంది. నోట్లో ఉండతోనే. "నువ్వు చెప్పలేదా వాళ్ళకి? పన్నెండు దగ్గాను."

"చెప్పానమ్మా."

"మళ్ళీ చెప్పు."

 కొంగు విడిపించాను. వేళ్ళు ఒక్కొక్కటే తీయాల్సి వచ్చింది.

నడిచింది. ఏడవలేదు. అయిదో అడుగు దగ్గర ఆగి వెనక్కి చూసి దగ్గింది. నా చేతుల వంక చూసింది. చేతుల్లో పుస్తకం లేదు, మీ గిన్నె ఉంది. మళ్ళీ నడిచి మీ దగ్గరికి వచ్చింది. మీరు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ తర్వాత నేను చూడలేదు.

మీరు అవతలి దారి పట్టగానే మంచు కమ్మింది. మనుషులు కనపడలేదు. దగ్గు వినపడింది. పైకి దగ్గుతోంది, గుండం మీదుగా ఇవతలికి వినపడేంత గట్టిగా. ఒకటి దగ్గి, గీత పెట్టే వ్యవధి ఇచ్చి, మళ్ళీ ఒకటి. గవర్రాజు చెవులు మూసుకున్నాడు. నేను లెక్కపెట్టాను. పన్నెండు దాటింది, ఎక్కడా తడబడలేదు. ఇరవై మూడు దాకా విన్నాను. తర్వాత గాలి తిరిగింది.

చెల్లెమ్మా, పిల్ల ఇంకొన్నాళ్ళు దగ్గుతుంది. అది జబ్బు కాదు. కసరకు, నేను చెప్పేశానని కూడా చెప్పకు. దాని ఎదురుగా పెన్సిలు పట్టుకోకు. గొంతు ఎండిపోతుంది, గోరువెచ్చటి నీళ్ళు అడక్కముందే ఇవ్వు. ఎప్పుడో ఒక రోజు మానేస్తుంది. పిల్లకు దగ్గు వస్తే అది ఏ రోజు ఆగిందో మొదటి నెల ఉత్తరంలో మొదటి ఇంటికి రాయాలని నియమం ఉంది. మిగతావన్నీ రాయి. పన్ను ఊడితే రాయి, ఎంత తింటోందో రాయి. ఆ ఒక్క తేదీ నాకు రాయకు.